గ్లోరీ చేతి రసం

పొద్దున్నే పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, పాలు పొంగేలోగా వాకిలి ఊడ్చి రావడం గ్లోరీకి పదహారేళ్ళ అలవాటు. ఆ రోజు కూడా చీపురు చేతిలోకి తీసుకుంది కానీ, నడిమి అర్ర గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగాయి. లోపలినుంచి బుడుక్, బుడుక్ అని సన్నని చప్పుడు వస్తోంది.

అత్త బిక్షమ్మ మంచం పక్కనే గోడవారగా వేసిన బల్ల మీద పెద్ద గాజు సీసా ఉంది. దాని మెడ దాకా ముదురు వంకాయరంగు ద్రాక్షరసం. బిగించిన మూతలోంచి ఒక సన్నని పైపు బయటికి వచ్చి, పక్కనున్న నీళ్ళ గ్లాసులో మునిగి ఉంది. ఆ నీళ్ళలో బుడగ మీద బుడగ లేచి పగులుతోంది. సీసా పక్కన ఒక ప్లాస్టిక్ కూల్‌డ్రింకు బాటిల్‌లో మిగిలిన రసం పోసి, మూత వదులుగా పెట్టి ఉంచారు.

పది రోజులుగా గ్లోరీ చెవుల్లో ఆ చప్పుడే. అన్నం వండుతున్నా, బట్టలు ఉతుకుతున్నా వినిపిస్తున్నట్టే ఉంటుంది. అది తోడికోడలు మెర్సీ చేస్తున్న రసం. మొన్న మొన్నటిదాకా అది గ్లోరీ పని.

కట్టంగూరుకు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ఆ చిన్న వాడలో బిక్షమ్మ ఇంటికి ఒక పేరుంది. చర్చిలో ప్రభు బల్లకు, అంటే సంఘమంతా రొట్టె, రసం పంచుకునే ఆరాధనకు, కావలసిన ద్రాక్షరసం ఆ ఇంటినుంచే వెళ్తుంది. బిక్షమ్మ అత్త చేసేది, తరవాత బిక్షమ్మ చేసింది. గ్లోరీ పెద్దకోడలుగా వచ్చిన నాలుగో ఏట బిక్షమ్మ మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేకపోతే ఆ పని గ్లోరీ చేతికొచ్చింది. నల్ల ద్రాక్ష కడిగి, ఆరబెట్టి, చేత్తో పిసికి, చక్కెర కలిపి చీనీ జాడీలో పోసి పైన తెల్లగుడ్డ కట్టేది. మామ ఇస్రాయేలు బతికి ఉన్నన్నాళ్ళూ సంఘపెద్ద. ఆయన అందరి ముందూ, ఇది మా గ్లోరీ చేతి రసం అని చెప్పేవాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయి, పదిహేడేళ్ళకే పెళ్ళయి, అప్పటినుంచీ ఆ ఇంటి పొయ్యి దగ్గరే బతికిన మనిషికి ఊరు పెట్టిన పేరు అదొక్కటే.

పోయిన ఈస్టరుకు ఆ రసం పులిసి వెనిగర్‌లా సిర్కా అయింది. బల్ల దగ్గర ముసలివాళ్ళు ముఖాలు చిట్లించారు. గ్లోరీ సిగ్గుతో చచ్చిపోయింది గానీ ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెను ఎక్కువ బాధించింది.

మెర్సీ చిన్నకోడలుగా వచ్చి మూడేళ్ళయింది. నల్గొండలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. ఆమె భర్త విజేందర్ అక్కడే బస్సు డిపోలో మెకానిక్. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ స్కూటీ మీద వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రమే రావడం. మెర్సీ చెడ్డ మనిషి కాదు. రాగానే చీర మార్చుకుని గిన్నెలు తోముతుంది, గ్లోరీ కూతురు మనీషకు లెక్కలు చెప్తుంది. గ్లోరీకి ఆమెలో తప్పు దొరకదు. అదే పెద్ద కష్టంగా ఉండేది. తప్పు దొరికితే కోపం తెచ్చుకోవచ్చు. దొరకనప్పుడు ఆ మంటకు లోపలే తప్ప వేరే జాగా ఉండదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, స్త్రీల సమాజం కూడిక అయ్యాక పాస్టరమ్మ అడిగింది, ఈసారి రసం ఎట్లా అని. గ్లోరీ నోరు తెరిచేలోపు బిక్షమ్మ, ఈసారి మా మెర్సీ చేస్తదమ్మా అని చెప్పేసింది. గ్లోరీ పక్కనే కూర్చుని ఉంది. అత్త తనవైపు చూడనైనా చూడలేదు. గ్లోరీ చేతిలో ఉన్న పాటల పుస్తకం తెరిచే ఉంది, ఒక్క అక్షరం కనపడలేదు.

అప్పటినుంచి ప్రతిదీ ముల్లులాగే తగిలింది. నల్గొండనుంచి గాజు సీసా వచ్చిన రోజు ఇల్లంతా దాని చుట్టూ మూగింది. గుడ్డ కడితే గాలి తగిలి పులుస్తుంది, అందుకే పైపు, లోపలి గాలి బయటికి పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు అని మెర్సీ చెప్తుంటే, అంటే నాకు చాతకాకే పోయినసారి పాడైందని అందరికీ చెప్తున్నది అనుకుంది గ్లోరీ. పైపు దొరక్కపోతే ఎవరిచ్చారు? గ్లోరీ మొగుడు సునీలే. మేస్త్రీపనిలో గోడల మట్టం చూసే తన లెవెల్ పైపులోంచి మూర పొడుగు కోసి ఇచ్చాడు. మూతకు రంధ్రం కొట్టి, పైపు చుట్టూ సందు లేకుండా ఎండితే గట్టిపడే ముద్ద కూడా తనే పూసి ఇచ్చాడు. గ్లోరీ పన్నెండేళ్ళు ఆ జాడీ మోసినప్పుడు ఆ మనిషి ఒక్కరోజు ఒక చెయ్యి వెయ్యలేదు.

మట్టల ఆదివారం వెళ్ళిన మర్నాడు, సోమవారం సాయంత్రం, పాస్టరమ్మ స్వయంగా ఇంటికొచ్చి సీసాను ఫోన్లో ఫొటో తీసుకుంది. మెర్సీ చెంచాతో రుచి చూసి, ఇంకా బలం రాలేదని మరికొంత చక్కెర పాకం కలిపి మూత బిగించింది. బుడగలు జోరందుకున్నాయి. శనివారానికి నెమ్మదిస్తాయని, బుడగలు పూర్తిగా ఆగితేనే తయారైనట్టని, అప్పటిదాకా మూత తీయొద్దని, పైపు ముట్టొద్దని చెప్పింది. ఎందుకు ముట్టొద్దో పాస్టరమ్మకు వాకిట్లో నిలబడి వివరంగా చెప్తుంటే, గ్లోరీ వినడం ఇష్టంలేక వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది.

ఆ మర్నాడు, మంగళవారం పొద్దున అది. చాయ్ పొంగి పొయ్యి మీద పడిన వాసనకు గ్లోరీ గుమ్మం దగ్గరనుంచి కదిలింది.

మెర్సీ, విజేందర్ ఎనిమిదింటికి వెళ్ళారు. సునీల్ నకిరేకల్ దగ్గర స్లాబు పనికి అంతకుముందే పోయాడు. మనీష బడికి పోయింది. బిక్షమ్మ పెరట్లో ఎండకు కాళ్ళు చాపుకుని కూర్చుంది. గ్లోరీ నడిమి అర్ర ఊడ్చడానికి వెళ్ళి, చీపురు గోడకు ఆనించి, సీసా ముందు నిలబడింది.

బుడగలు ఆగితే తయారైనట్టే అని కదా చెప్పింది. ఆగితే మెర్సీ సాయంత్రం వచ్చి చూసి మూత తీస్తుంది. సగం పాకంలో ఉన్న రసం ఈ ఎండకు ఆదివారం దాకా నిలవదు. అప్పుడు బల్ల దగ్గర ముఖాలు చిట్లించేది ఎవరి రసానికి? ఈ ఆలోచన ఒక్కసారిగా వచ్చింది కాదు. పది రోజులుగా కొంచెం కొంచెంగా తయారైంది. గ్లోరీ పైపును వంచి, రెండు మడతలు పెట్టి, తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి గట్టిగా చుట్టింది. మడత కనపడకుండా సీసా వెనక్కి తోసింది. చేసినదేదో పూర్తిగా చేద్దామన్నట్టు ప్లాస్టిక్ బాటిల్ మూత కూడా బిగించింది.

గ్లాసులో నీళ్ళు నిలిచిపోయాయి. ఇంట్లో ఆ చప్పుడు లేదు. ఆమెకు భయం వెయ్యలేదు. చాలా రోజుల తరవాత గుండె నిమ్మళంగా ఉన్నట్టనిపించింది. తరవాత ఎన్నోసార్లు ఆమె తలచుకుని ఏడ్చింది ఆ నిమ్మళం గురించే.

పదకొండింటికి అత్తకు అన్నం పెట్టి, తిని పండుకోమని చెప్పి, చర్చి శుభ్రం చేసే పనికి ఆటోలో కట్టంగూరు వెళ్ళింది. పది మంది ఆడవాళ్ళు కిటికీలు తుడుస్తున్నారు, చాపలు దులుపుతున్నారు. పాస్టరమ్మ ఫోన్లోని ఫొటో అందరికీ చూపించింది. ఒకామె, గింత పెద్ద సీసా చర్చిలనే పెట్టుకోవచ్చు కదమ్మా అంది.

పాస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. తనూ మొదట అదే అడిగిందట. ఇక్కడ పిల్లలు ఆడుకుంటారు, ఎవరన్నా ఆ పైపుకు అడ్డం పెట్టారంటే ప్రమాదమని మెర్సీ వద్దన్నదట. "లోపల పులుస్తున్నంత సేపు గాలి పుడుతనే ఉంటదంట. పోయేందుకు తొవ్వ లేకపోతే గా గాలి ఒత్తుకోని ఒత్తుకోని, సీసా బాంబు లెక్క పేలుతదంట. ముక్కలు గోడలకు దిగబడుతయంట. నాకైతే ఇనంగనే ఒళ్ళు జలదరించింది."

గ్లోరీ చేతిలోని తడిగుడ్డ జారి కింద పడింది.

గడియారం ఒంటిగంట దాటుతోంది. అత్త ఈపాటికి అన్నం తిని మంచం మీద పండుకుని ఉంటుంది. మంచానికీ సీసాకూ మధ్య చెయ్యెడు దూరం. గ్లోరీ గబగబా బయటికొచ్చి అత్త ఫోనుకు చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. రెండోసారి మోగుతుండగా గుర్తొచ్చింది, ఆ ఫోను చార్జింగుకు పెట్టింది తనే. సీసా ఉన్న బల్ల మీదే. ముసలామె పెరట్లో ఉన్నా సరే, ఫోను మోగితే లేచి ఆ బల్ల దగ్గరికే పోతుంది. పిలిచి మరీ తనే పంపుతోంది.

ఫోను ఆపేసింది. పక్కింటివాళ్ళకు చెయ్యాలంటే వాడంతా వడ్లు అమ్మే కేంద్రం దగ్గర కుప్పలకు కాపలా ఉంది. సునీల్ ఫోను ఎత్తలేదు. స్లాబు పోస్తుంటే ఎత్తడు. ఇంక మిగిలింది ఒక్క మెర్సీ.

పేరు మీద వేలు పెట్టి ఆగింది. ఏం చెయ్యాలో చెప్పగలిగింది మెర్సీ ఒక్కతే. కానీ అడగాలంటే ముందు తను చేసింది చెప్పాలి. చెప్పకుండా ఎట్లా అడగొచ్చో ఒక్క క్షణం వెతికింది. పైపు దానంతట అదే మడత పడిందనొచ్చు. కానీ ఊరిలో ఉన్న తనకు అది ఎట్లా తెలిసింది? ఆ లెక్క వేస్తున్న తన బుద్ధిని తనే చూసి గ్లోరీ వణికిపోయింది. తనను తీసుకొచ్చిన ఆటో డ్రైవరు భిక్షం ఇంకా చర్చి ముందే ఉన్నాడు. చెయ్యెత్తి పిలిచి, ఎక్కి, ఉరికించమని చెప్పి, మెర్సీకి ఫోను చేసింది.

"మెర్సీ, నేను నీ పైపు కట్టేసిన."

అటువైపు పిల్లల గోల వినిపించింది. మెర్సీకి అర్థం కాలేదు.

"నీ సీసా పైపు మడిచి రబ్బరు పెట్టిన. పొద్దుగాల. కావాల్నని చేసిన. అత్తమ్మ గా అర్రలనే పండుకున్నది. ఏం జెయ్యాలె చెప్పు."

గోల దూరమైంది. మెర్సీ క్లాసులోంచి బయటికొచ్చినట్టుంది. గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు. ఎన్నింటికి కట్టావు అని అడిగింది. ఎనిమిదిన్నర అని గ్లోరీ చెప్పింది.

"ఇనక్కా. నువ్వు పోంగనే అత్తమ్మను బయటికి తోల్కరా. సీసాను ముట్టకు, పైపు ఇప్పకు, మూత తియ్యకు. దాని కాడికి కూడ పోకు. ప్లాస్టిక్‌దయితే ఉబ్బుతది, మూతకాడ కారుతది, చూస్తె తెలుస్తది. గాజుకు ఏం తెల్వది. చూసెటానికి మంచిగనే ఉంటది, ఒక్కసారే పోతది. నేను వస్తున్న."

ఆ మూడు కిలోమీటర్లూ గ్లోరీ ఏ ప్రార్థనా చెయ్యలేకపోయింది. వడ్ల లారీ ఒకటి తొవ్వకు అడ్డం ఉంటే, ఆటో దిగి చెప్పులు చేతబట్టుకుని ఉరికింది.

ఇంట్లోకి వచ్చేసరికి బిక్షమ్మ మంచం మీద లేదు. నడిమి అర్ర గుమ్మంలో, తలుపు పట్టుకుని లోపలికి అడుగు వేస్తూ ఉంది. ప్లాస్టిక్ బాటిల్ అడుగు ఉబ్బి, నిలబడలేక బల్ల మీదనుంచి కింద పడి, మూత చుట్టూ నురగ కక్కుతోంది. ఆ చప్పుడుకే ముసలామెకు మెలకువ వచ్చి, వంటింట్లోకి పోయి తుడిచే గుడ్డ పట్టుకుని మళ్ళీ లోపలికి వస్తోంది. గ్లోరీ ఆమెను వెనకనుంచి నడుం పట్టి ఎత్తినంత పని చేసి, వాకిలి దాటించి, ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళు గుంజాయని బిక్షమ్మ తిట్టింది. ఏమయిందే నీకు, దయ్యం పట్టిందా అని అడిగింది.

గ్లోరీ అత్త కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. చెప్పకపోయినా అప్పటికి గడిచిపోయేది. కానీ ఒకసారి నోటినుంచి వచ్చిన నిజం ఇంక లోపల ఉండనంది. "అత్తమ్మా, నేను మెర్సీ సీసా పైపు కట్టేసిన. ఆమె రసం కరాబు కావాల్నని" అంది. అంతవరకే చెప్పగలిగింది.

లోపల ఫట్‌మని పేలింది. కిటికీ రెక్క ఊడి వాకిట్లో పడింది. వాడలోని కుక్కలన్నీ ఒక్కసారే మొరిగాయి. తరవాత నేల మీద ద్రవం ధారగా కారుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

బిక్షమ్మ గ్లోరీ భుజం గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ లేవలేదు.

మెర్సీ ముప్పావుగంటలో వచ్చింది. స్కూటీ స్టాండు వెయ్యకుండానే గోడకు ఆనించి, అరుగు మీద అత్తను, కింద గ్లోరీని చూసి, ఇద్దరికీ ఏమీ కాలేదని తెలుసుకున్నాక లోపలికి వెళ్ళింది. గ్లోరీ వెనకే పోయి గుమ్మంలో ఆగింది. గోడలమీద ఎర్రటి చారలు, నేలంతా రసం, గాజు. మంచం మీది బొంతలో వేలెడేసి ముక్కలు నిలువునా దిగి ఉన్నాయి. అత్త తల పెట్టుకునే దిండును ఒక పెద్ద పెంకు ఆ కొసనుంచి ఈ కొసకు చీల్చి, దూది బయటికి తీసింది. ఆ దూది రసంలో తడిసి ఎర్రగా ఉంది.

మెర్సీ ఆ దిండును చూస్తూ నిలబడింది. ఆమె ఏడుస్తోందని గ్లోరీకి కొంతసేపటిదాకా తెలియలేదు.

"రసం పోతె పోయింది" అంది మెర్సీ ఇటు తిరగకుండానే. "ఇక్కడ అత్తమ్మ ఉంటె ఏమయితుండె అక్కా?"

"నాకు పేలుతదని ఎర్క లేదు మెర్సీ."

"ఎర్క లేదు, నమ్ముతా. గని నేను సంఘంల అందరి ముందు తల దించుకోవాల్నని అయితె ఎర్కనే కదా. అది ఎర్కుండే కట్టినవ్. నీకు నేనేం జేసిన?"

మూడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట గ్లోరీ నోట్లోకి వచ్చింది. "నువ్వేం చెయ్యలే. నీకు చదువున్నది, జీతమున్నది. నువ్వు వస్తె చాయ్ ముందు నీకే పోస్తరు. నా బిడ్డ కూడ ఏదడగాలన్నా నిన్నే అడుగుతది. నా మొగడు నా జాడీ దిక్కు ఎన్నడు చూడలే, నీకు పైపు కోసిచ్చిండు. నాకు ఈ ఇంట్ల గదొక్క పనే ఉండె. గది కూడ నీకిచ్చిన్రు. నిన్ను చూస్తె కడుపుల మంట లేసింది. అంతే. ఇంకేం లేదు."

మెర్సీ ఇటు తిరిగింది. కోపమూ ఆశ్చర్యమూ రెండూ ఉన్నాయి ఆ ముఖంలో.

"చాయ్ నాకు ముందు ఎందుకు పోస్తరో ఎర్కనా? నేనింకా ఈ ఇంటికి చుట్టాన్నే. మూడేండ్లాయె. పోయిన వానాకాలం అత్తమ్మకు జ్వరమొస్తె నేను సెలవు పెట్టి రెండు రోజులు పక్కన కూసున్న. కండ్లు తెరిచినప్పుడల్లా ‘గ్లోరీ ఏది’ అన్నది. నేను ఎదురుంగ ఉన్న అక్కా. మా ఆయన కూడ కూరల ఉప్పు తక్కువైతె వదినె చేసినట్టు లేదంటడు. నీకు పోటీ వచ్చె మొఖమా నాది? రసం చెయ్యమంటె, ఒక్కటన్నా నా చేతితోని అయితదని సంబురపడ్డ."

తను ఇన్నాళ్ళూ చూసి కుళ్ళుకున్న మనిషి, అన్నాళ్ళూ తనను చూసి లోపల్లోపల అదే మంట పడిందంటే గ్లోరీ నమ్మలేకపోయింది. నమ్మాక ఇంకా సిగ్గేసింది.

బిక్షమ్మ గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది. లోపలికి రావద్దని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆమె గడప అవతలే నిలబడి, తన దిండు వైపు చాలాసేపు చూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. సంక్రాంతికి ముందు విజేందర్ వచ్చి, నల్గొండలో కిరాయికి ఇల్లు చూసుకుంటామని అడిగాడట. ఆమెకు గుండె జారిపోయిందట. చిన్నకోడలి చేతికి ఇంటి పని ఒకటి అప్పగిస్తే, ఈ ఇల్లు తనదనుకుని ఆగుతుందేమోనని ఆశపడి, చర్చిలో ఆమె పేరు చెప్పిందట.

"గ్లోరీని అడగాలె అని కూడ నాకు తట్టలే" అంది. "నువ్వు యాడికి పోతవ్ బిడ్డా, ఉండేదానివే కదా అనుకున్న. పోయేదాని గురించి ఫికర్ పడ్డ. ఉన్నదాన్ని మరిచిన. గా తప్పు నాది. మీ ఇద్దరిది కాదు."

గ్లోరీ, కట్టింది నేను అత్తమ్మా, మీరు కాదు అని గొణిగింది. మెర్సీ చెప్పులతోనే ఇంకా లోపలికి జరిగి గాజు ఏరడం మొదలుపెట్టింది. గ్లోరీ వంగబోతే, నువ్వు చెప్పులు లేకుంట రాకు అని మాత్రం అంది. ఆ తరవాత ఆదివారం దాకా ఆమెతో మాట్లాడలేదు.

సునీల్ సాయంత్రం వచ్చి సంగతి విని భార్యను కొట్టినంత పని చేశాడు. మెర్సీయే అడ్డం వచ్చింది, బావా ఆమె రాకుంటే అత్తమ్మ మనకు దక్కకపోతుండె అని. అంతకుమించి ఆమె గ్లోరీ పక్షం మాట్లాడలేదు. విజేందర్ అన్నం విడిగా కూర్చుని తిన్నాడు.

బుధవారం పొద్దున గ్లోరీ ఎవరికీ చెప్పకుండా నడిచి పాస్టరమ్మ ఇంటికి పోయింది. సీసా దానంతట అదే పగిలిందని అప్పటికే సంఘంలో మాట పాకింది. మెర్సీ ఏదో లెక్క తప్పిందని కూడా అంటున్నారు. గ్లోరీ ఒక్క మాట కూడా తగ్గించకుండా జరిగింది చెప్పింది. పాస్టరమ్మ, ఈసారి పులియబెట్టనిదే వాడుకుందామని, ద్రాక్ష ఉడకబెట్టి వడకట్టిన రసం ఇమ్మని, ఎవరు చేస్తారో మీ ఇంట్లో మీరే చూసుకోమని చెప్పింది. నేను చెయ్యనమ్మా, మెర్సీ చేస్తది అని చెప్పి గ్లోరీ వచ్చేసింది. మెర్సీని అడగడానికి మాత్రం నోరు రాక, ఆ సంగతి అత్తతో చెప్పించింది. శనివారం మెర్సీ ద్రాక్ష ఉడికిస్తుంటే, గ్లోరీ పొయ్యి దగ్గరికి పోకుండా పెరట్లో బొంత ఉతుకుతూ కూర్చుంది. నాలుగుసార్లు ఉతికినా మరక పోలేదు.

ఈస్టరు పొద్దున చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో బిక్షమ్మ, ఆమెకు అటూ ఇటూ కోడళ్ళు. బల్ల వేళ అయింది. పాస్టరుగారు ఎప్పటిలాగే, సహోదరుని మీద మనసులో ఏదైనా ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని చదివారు. గ్లోరీ ఆ మాట ఎన్ని వందలసార్లు విందో. ఆ రోజు మాత్రం అది తన పేరుపెట్టి పిలిచినట్టు వినిపించింది. ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చింది, ఈసారి తను బల్ల తీసుకోదు. తీసుకునే ముఖం లేదు.

ముందు రెండు వరుసలూ లేచి, ముందుకు వెళ్ళి మోకరించి, తిరిగి వచ్చాయి. మూడో వరుస లేచింది. బిక్షమ్మ మెర్సీ భుజం పట్టుకుని లేచింది. గ్లోరీ తలవంచుకుని కూర్చునే ఉంది. వెనకవాళ్ళు ఆమెను దాటి పోవడానికి కాళ్ళు సర్దుకున్నారు.

మెర్సీ ముందుకు పోలేదు. ఒక అడుగు వేసి, వెనక్కి వచ్చి, వరుస అడ్డంగా నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో పొమ్మని తట్టారు. పోలేదు. పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. సంఘమంతా ఇటే చూస్తోంది. సంఘంలో సగం మందికి ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలుసు.

"లే అక్కా" అంది మెర్సీ మెల్లగా.

గ్లోరీ తల ఊపింది, రానని.

"నాకింకా కోపం ఉన్నది. అది జర నెమ్మదిగ పోతది" అంది మెర్సీ, గ్లోరీకి మాత్రమే వినపడేట్టు వంగి. "గని నువ్వు లేకుంట నేను అక్కడ మోకాళ్ళు ఎట్ల వంచాలె? లే."

గ్లోరీ తలెత్తింది. మెర్సీ కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి, కోపమూ ఉంది. దాన్ని దాచలేదు. తను ఆ మనిషి ముందు అన్నేళ్ళు నవ్వుతూ దాచింది గుర్తొచ్చి గ్లోరీకి ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

బిక్షమ్మ ఖాళీగా ఉన్న రెండో చెయ్యి చాపి పెద్దకోడలి భుజం మీద వేసింది. మోకాళ్ళు సహకరించక ఆమె నెమ్మదిగా నడుస్తుంటే, ఇద్దరూ ఆమె అడుగుకు అడుగు కలుపుతూ ముందుకు వెళ్ళారు. మెర్సీ వాళ్ళు నల్గొండకు మారతారో లేదో ఆ పొద్దుకు ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. అత్తను చెరో చెయ్యి పట్టి దించి, ముగ్గురూ ఒకే చాప మీద మోకరించారు. చిన్న గ్లాసు పెదవులకు ఆనించుకున్నప్పుడు రసం తియ్యగా, ఇంకా ద్రాక్షపండు వాసనతోనే ఉంది. మంచిగున్నది అని గ్లోరీ మెర్సీ వైపు తిరిగి చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎక్కడా అడ్డుపడలేదు.